అత్తగారి గదిలో పాత పత్రికలు

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు, తన పేరు గానీ ఉంటున్న పేట పేరు గానీ బయటపెట్టవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆవిడ వయసు 47. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తారు. భర్త ఇన్సూరెన్స్ ఉద్యోగి, ఒక్కతే అమ్మాయి, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. ఆ రెండో గదిలో మూడు గోడల పొడవునా పుస్తకాలు, మంచం కింద అట్టపెట్టెలు, అటక నిండా మూటలు, వాటన్నిటి మధ్య అమ్మాయి మంచం.

పాత పుస్తకాలు కొనడం ఆవిడకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో అలవాటైంది. ఆదివారం వస్తే లెనిన్ సెంటర్, హైదరాబాద్ వెళ్లే పని పడితే అబిడ్స్ ఫుట్‌పాత్. పుస్తకాలు దాదాపు 1,500 పోగయ్యాయి. అయితే ఆవిడ ప్రాణమంతా పర్యావరణ పత్రికల మీద: 1970ల, 80ల నాటి 'ది ఇకాలజిస్ట్' సంచికలు నూటికి పైగా, 'శాంక్చురీ' తొలి సంవత్సరాల ప్రతులు, 1992 మేలో మొదలైన 'డౌన్ టు ఎర్త్' మొదటి నాలుగైదేళ్ల సంచికలు, దేశ పర్యావరణ స్థితి మీద ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 1982లో ప్రచురించిన మొదటి పౌర నివేదిక. వీటిలో సగం తాను కొన్నవి. మిగతా సగం విశ్వవిద్యాలయంలో తనకు సీనియర్ అయిన ఒకరివి. ఆయన్ను ఆవిడ అన్నయ్య అనే పిలిచేవారు. విశాఖలో అధ్యాపకుడిగా పనిచేస్తూ, సెలవు దొరికితే మన్యంలో గనుల మీద, తీరంలో ఫ్యాక్టరీల మీద జరిగే ఉద్యమాల వెంట తిరిగిన ఆయన నాలుగేళ్ల క్రితం చనిపోయారు. ఇల్లు ఖాళీ చేస్తూ వదినగారు, "వీటి విలువ నీకే తెలుసు" అంటూ అన్నీ వ్యానులో వేయించి పంపించారు. "వాటితో పాటు కరపత్రాలు, ఏవో కాగితాలు ఉన్న రెండు ట్రంకుపెట్టెలు కూడా వచ్చాయి, అవి ఇంకా పూర్తిగా తెరవలేదు" అని ఉత్తరంలో ఒకే ఒక వాక్యం ఉంది.

ఇప్పుడు ఊళ్లో ఉంటున్న అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ చేయించుకుని, వచ్చే నెలలో వీరింటికి రాబోతున్నారు. మనవరాలి గదిలోనే ఉండాలి, కానీ అక్కడ వాకర్ తిరిగే చోటు లేదు. అమ్మాయికి రెండేళ్లుగా ఆయాసం వస్తోంది. పాత కాగితాల దుమ్ము గదిలో లేకుండా చూడమని డాక్టరు చెప్పారు. గత వానాకాలంలో గోడకు చెమ్మ దిగి ఒక వరుస పుస్తకాలు బూజు పట్టాయి. ఇవి చాలవన్నట్టు, ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలకు కొన్న ఒక సంచిక బిల్లు భర్త కంటపడింది. ఆవిడ ఆయనకు చెప్పిన ధర 300. "ఎన్నాళ్లుగా ఇలా చెబుతున్నావు?" అని ఒక్క మాట అడిగి, ఆ తర్వాత పది రోజులు ఆయన మాట్లాడలేదట.

సలహాలకు లోటు లేదు. అజిత్‌సింగ్ నగర్‌లో తన స్నేహితుడి కింది గది ఖాళీగా ఉంది, అక్కడ పడేద్దామని భర్త అంటున్నారు. ఇంగ్లీషు పత్రికలన్నిటికీ కలిపి 60,000 ఇస్తాను, నెలాఖరులోగా చెప్పాలి అని ఒక పాత పుస్తకాల వ్యాపారి అడుగుతున్నాడు. పంపండి, ఎక్కడో ఒకచోట సర్దుతాం అని ఒక కళాశాల లైబ్రేరియన్ అన్నారు. స్కాన్ చేసి కాటాకు వేసెయ్యమ్మా అని కూతురు అంటోంది. "నేను స్వార్థపరురాలినా? అన్నయ్య వస్తువులను గడప దాటిస్తే ద్రోహం చేసినట్టు కాదా? ఈ ఆదివారాలు ఇక మానుకోవాలా?" అన్నవి ఆవిడ ప్రశ్నలు.

మీ ప్రశ్నల జోలికి వెళ్లేముందు, మీరు అడగని విషయం ఒకటి తేల్చుకోవాలి. అమ్మాయి పడుకునే గదిలోంచి కాగితాలన్నీ కదలాలి. ఏ పత్రిక ఎంత అరుదైనదన్న చర్చకూ దీనికీ సంబంధం లేదు. డాక్టరు చెప్పాక, పైగా వాకర్ పట్టుకుని నడిచే పెద్దావిడ రాబోతుండగా, ఇందులో మీ మాట నెగ్గిందా మీవారి మాట నెగ్గిందా అన్న లెక్క పెట్టుకోకండి. ఎక్కడికి వెళ్లాలి, ఏవి వెళ్లాలి అన్నవి నిదానంగా ఆలోచించదగినవే. గది ఖాళీ కావడం మాత్రం అత్తగారు వచ్చేలోపు జరగాలి.

జాగ్రత్త పడవలసింది కదిలించేటప్పుడు. ఏళ్ల తరబడి కదలని కాగితాల మీది దుమ్మూ బూజూ ఒక్కసారిగా లేస్తాయి. ఆ రెండు మూడు రోజులు అమ్మాయిని బంధువుల ఇంట్లో ఉంచి, మీరూ సాయం వచ్చినవాళ్లూ ఎన్-95 మాస్కులు పెట్టుకోండి. గదిలో దులపకుండా పెట్టెల్లో సర్ది మేడ మీదికి చేర్చి, అక్కడ మెత్తటి బ్రష్‌తో తుడవండి. బూజు పట్టిన వరుసను మిగతావాటితో కలపవద్దు. వాటిని నీడన, గాలి ఆడేచోట ఆరబెట్టండి. ఎండలో పరిస్తే అట్టలు వంగిపోతాయి, కాగితం ఇంకా పచ్చబడి పెళుసవుతుంది. రంగుల ఆర్ట్ పేపరు మీద అచ్చయిన సంచికలు ఒకసారి తడిసి ఆరితే పేజీలు అట్టలా అతుక్కుపోతాయి, విడదీయబోతే అచ్చు ఊడివస్తుంది. అలాంటివి ఉంటే వాటి మీద ఆశ వదులుకోవడమే మంచిది. పురుగు పడుతుందని కలరా ఉండలు వేసే అలవాటుంటే వెంటనే మానండి. ఆ ఘాటు ఆయాసం ఉన్న పిల్లకు మంచిది కాదు, బూజును అది ఆపనూ ఆపదు.

ఇక డబ్బు సంగతి. దీన్ని మీరు చివరి పేజీలో, పోతూ పోతూ ప్రస్తావించారు గానీ, ఇంట్లో ఇప్పుడున్న బిగువుకు గది ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నాకనిపిస్తోంది. మీ జీతంలోంచి మీరు ఖర్చు పెట్టుకున్నారు, దానివల్ల ఇంటి వాయిదా గానీ అమ్మాయి ఫీజు గానీ ఆగలేదు. అయినా మూడు వందలని చెప్పవలసి వచ్చిందంటే, నిజం చెబితే ఏం వినవలసి వస్తుందో మీకు ముందే తెలుసన్నమాట. మన ఇళ్లలో మగవాడు గది నిండా పుస్తకాలు పేర్చుకుంటే పండితుడంటారు, ఆడమనిషి అదే పని చేస్తే ఇల్లు పట్టదంటారు. ఆ మాట పడలేక ఈ అలవాటు మొదలై ఉంటుందని ఊహించగలను, అంతమాత్రాన అది సరైనదని చెప్పలేను. మీవారు ధర గురించి నిలదీయలేదు, ఎన్నాళ్లుగా అని అడిగారు. దానికి మీరింకా జవాబు చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

మీ ముందు రెండు దారులున్నాయి. మాటలు మళ్లీ మొదలయ్యాయి కదా అని ఆ సంగతి ఎత్తకుండా వదిలేయవచ్చు. అలా వదిలేస్తే ఇకమీదట మీరు బీరువా కొందామన్నా, స్కానింగ్‌కు ఖర్చవుతుందన్నా, వ్యాపారి ఇంత ఇస్తానన్నాడన్నా, ప్రతి అంకె వెనకా ఇంకో అంకె ఉందేమోనన్న అనుమానం ఆయనకు మిగిలిపోతుంది. లేదా గుర్తున్నంతవరకు గత రెండు మూడేళ్లలో కొన్నవాటి అసలు ధరలు ఒక కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టవచ్చు. మరో వారం రోజులు ఇల్లు బరువుగా ఉండవచ్చు. కానీ ఆ తర్వాత జరిగే సంభాషణ నిజంగా పుస్తకాల గురించే జరుగుతుంది. నెలకు ఇంత అని ఒక మొత్తం ఇద్దరూ అనుకుని, ఆ హద్దు లోపల మీరు ఏం కొన్నా లెక్క అడగకుండా ఉండే ఏర్పాటు చేసుకున్న ఇళ్లు నేను చూశాను. అది ఇద్దరికీ గౌరవంగానే ఉంటుంది.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వద్దాం. మీరు ఉత్తరం పొడవునా 'నా సేకరణ' అని ఏకవచనంలో రాశారు. మీవారికీ, వ్యాపారికీ, లైబ్రేరియన్‌కూ కూడా అది ఒకే కుప్పలా కనబడుతోంది. నిజానికి అందులో మూడు వేర్వేరు రకాలున్నాయి, మూడింటికీ ఒకే తీర్పు చెప్పబోతున్నందువల్లే మీకు ఏ సలహా చూసినా సగం నచ్చుతోంది, సగం మింగుడు పడటం లేదు.

మొదటిది పుస్తకాలు. ఈ 1,500లో మీరు మళ్లీ తెరిచేవి ఎన్నో మీకే తెలుస్తుంది. పాత పుస్తకం అంగడిలోంచి వచ్చింది, తిరిగి అంగడికి వెళితే ఇంకొకరి చేతిలో పడుతుంది. అదే లెనిన్ సెంటర్ దుకాణాలకు అమ్మితే కొన్న ధర రాదు, అందులో సందేహం లేదు; అయినా కాటాకు వేసిన దానికంటే ఎక్కువే వస్తుంది, పుస్తకం పుస్తకంగానే బతుకుతుంది. మీ బడి గ్రంథాలయానికి జీవశాస్త్రం పుస్తకాలు ఇవ్వవచ్చు. ఈ పనిలో ఎక్కువ మథనపడకండి.

రెండోది పేరున్న ఇంగ్లీషు పత్రికలు. మీ మోజంతా వీటి మీదే ఉంది కాబట్టి కొంచెం నిష్ఠూరమైనా చెప్పాలి. 1970లో ఎడ్వర్డ్ గోల్డ్‌స్మిత్ లండన్‌లో మొదలుపెట్టిన 'ది ఇకాలజిస్ట్' చరిత్రలో నిలిచిన పత్రికే. 1972 జనవరిలో అది వేసిన 'ఎ బ్లూప్రింట్ ఫర్ సర్వైవల్' సంచిక ఒక తరాన్ని ఉద్యమాల్లోకి నడిపించింది. కానీ ఆ పాత సంచికలు ప్రపంచంలో ఎన్నో గ్రంథాలయాల్లో ఉన్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో కూడా చదువుకోవచ్చు. మీరు 4,500 పెట్టి కొన్నది అమెరికా విత్తనాల కంపెనీ మోన్‌శాంటో మీద 1998 సెప్టెంబరు–అక్టోబరులో వేసిన ప్రత్యేక సంచిక. 'ధ్వంసం చేసిన సంచిక' అని అమ్మిన మనిషి ప్రకటించిన మాట ఒక మేరకు నిజమే: పరువునష్టం దావా పడుతుందని భయపడిన ముద్రణాలయం, అచ్చయిన 14,000 ప్రతులనూ నాశనం చేసింది. అయితే ఆ సంచికను తర్వాత మరో చోట అచ్చు వేయించారు, జరిగిన రభస పుణ్యమా అని అది మరింత విస్తారంగా చదువరులకు చేరింది. మీకు అందింది ఆ తర్వాత అచ్చయిన ప్రతే అయి ఉంటుంది. చదవదగినదే, దాచుకోదగినదే, అరుదైనది మాత్రం కాదు. కథ ఉన్న వస్తువుకు కథను బట్టి ధర కట్టడం పాత కాగితాల వ్యాపారంలో మామూలే.

మూడోది, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ రెండు ట్రంకుపెట్టెలు. అదే 1998 నవంబరులో కర్ణాటక రైతులు మోన్‌శాంటో వారి జన్యుమార్పిడి బీటీ పత్తి ప్రయోగాలు జరుగుతున్న పొలాలను తగలబెట్టారు. అంతకు ముందటి సీజనులో వరంగల్ ప్రాంతంలో పత్తి రైతుల ఆత్మహత్యలు వరుసగా జరిగాయి. ఆ రోజుల్లో ఏ మండల కేంద్రంలోనో చిన్న ప్రెస్సులో వెయ్యి ప్రతులు అచ్చు వేయించి బస్టాండులో పంచిన తెలుగు కరపత్రం ఒకటి మీ పెట్టెలో ఉంటే, దాని రెండో ప్రతి లోకంలో ఎక్కడా లేకపోవచ్చు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్తలు తమ పుస్తకాన్ని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం లాంటి చోట్లకు విధిగా పంపాలి. కరపత్రం పంచేవాడికి ఆ ఆలోచన ఎక్కడిది? ఏ గ్రంథాలయం జాబితాలోకీ ఎక్కకుండా, సభ అయిపోయిన సాయంత్రమే పకోడీల పొట్లంగా మారే కాగితం అది.

మీ అన్నయ్యగారు తిరిగిన ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి చూస్తే నాకు ఆశ ఇంకా ఎక్కువగా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని భూములను గనుల కోసం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని 1997 జులైలో సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ వివాదం పుట్టింది విశాఖ మన్యంలోని అనంతగిరి ప్రాంతంలోనే. పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ 1994లో వచ్చినా, ప్రాజెక్టుకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్న నిబంధన చేరింది 1997 ఏప్రిల్‌లో. అంటే ఆయన చురుకుగా తిరిగిన ఏళ్లలోనే, ఊరి జనం మొదటిసారి మైకు ముందు నిలబడి కంపెనీ గురించి తమ అభ్యంతరం చెప్పడం మొదలైంది. ఆ సభల పిలుపులు, ఊళ్ల నుంచి వెళ్లిన వినతిపత్రాల నకళ్లు, సైక్లోస్టైల్ బులెటిన్లు, థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా మొదలై 2010లో కాల్పుల దాకా వెళ్లిన సోంపేట ఆందోళన నాటి కాగితాలు ఆ పెట్టెల్లో ఉండే అవకాశం ఉంది. రేపు ఒక పరిశోధక విద్యార్థి కళింగాంధ్ర ఉద్యమాల చరిత్ర రాయాలనుకుంటే లండన్ పత్రిక కంటే ముందు వెతికేది వీటికోసమే. మీరు మాత్రం నిగనిగలాడే కాగితపు సంచికలను బీరువాలో పెట్టి, వీటిని తెరవకుండా మంచం కింద ఉంచారు.

కాబట్టి నెలాఖరులోగా ఏదైనా చేయాలంటే, మొదట ఆ పెట్టెలు తెరవండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి కాగితానికీ ఒక వరుస చొప్పున తేదీ, ఊరు, ఎవరు వేశారు, దేని గురించి అన్నవి రాసుకుంటూ పోండి. తేదీ లేకపోతే అందులో ప్రస్తావించిన సంఘటనను రాయండి. ఆయన ఏ క్రమంలో పెట్టారో ఆ క్రమం చెదరనివ్వకండి, ఒకే కట్టలో ఎందుకు పెట్టారన్నది కూడా ఒక ఆధారమే. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేయండి. చిరుగులకు సెల్లోటేపు వేయవద్దు, లామినేషన్ అసలే వద్దు. టేపు జిగురు పదేళ్లలో కాగితాన్ని తినేస్తుంది, లామినేషన్‌ను మళ్లీ విప్పడం కుదరదు. న్యూస్‌ప్రింట్ స్వభావరీత్యానే ఆమ్లం పుట్టి పచ్చబడి పెళుసవుతుంది, దాన్ని మీరు ఆపలేరు, చీకటిలో, పొడిగా ఉంచి ఆలస్యం చేయగలరు.

చూస్తున్నప్పుడు ఒక రకం కాగితాలను వేరే కవరులో పెట్టండి. సభకు వచ్చినవారి పేర్లు, సంతకాలు, వేలిముద్రలు, ఎవరి మీద ఏ కేసు ఉందో రాసుకున్న చీటీలు, సొంత ఉత్తరాలు. ఆ మనుషుల్లో చాలామంది ఇంకా ఆ ఊళ్లలోనే ఉండవచ్చు. అలాంటివి స్కాన్ చేసి నలుగురికీ పంపడం గానీ, చూడకుండా సంస్థకు అప్పగించడం గానీ చేయవద్దు. వాటి విషయం వదినగారితోనూ, ఆయనతో కలిసి పనిచేసినవారు దొరికితే వారితోనూ మాట్లాడాకే తేల్చండి.

ఇలా మూడుగా విడిపోయాక, మీకొచ్చిన సలహాలు మరోలా కనిపిస్తాయి.

మీవారి స్నేహితుడి గది ఉచితం, రేపే తరలించవచ్చు, భార్యాభర్తల మధ్య తక్షణం ఊరట కూడా. కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ కింది ఇళ్లలో ఏం జరిగిందో విజయవాడలో ఉంటున్న మీకు నేను చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో 2000 ఆగస్టు వరదల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకే నీళ్లు వచ్చి అపురూపమైన పాత సేకరణలు తడిసిపోయాయి. అమ్మకానికి ఉన్న పుస్తకాలను నాలుగైదు నెలలు, ఇనప ర్యాకుల పై అరల్లో ఉంచడానికి ఆ గది పనికొస్తుంది. ట్రంకుపెట్టెలు మాత్రం అక్కడికి వెళ్లకూడదు.

వ్యాపారి ఇస్తానన్న 60,000 తక్కువా ఎక్కువా అన్నది సంచికల జాబితా, వాటి స్థితి చూడకుండా చెప్పలేం. అతను వాటిని విడగొట్టి అమ్ముతాడు, అది అతని వృత్తి, తప్పుపట్టవలసిన పని లేదు. కానీ అందులో సగం మీరు కొన్నవి కావు. మీవి అమ్ముకునే హక్కు మీకుంది. అన్నయ్యగారివి అమ్మితే చట్టం అడగకపోవచ్చు, మీ మనసు అడుగుతుందని ఉత్తరంలోనే కనబడుతోంది. గడువు సంగతి అంటారా, ఇరవై ఏళ్లుగా మీరు పాత పుస్తకాల దుకాణాల చుట్టూ తిరుగుతున్నారు, 'ఈ నెలాఖరు వరకే' అన్న మాటకు ఎంత బరువు ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

అమ్మాయి చెప్పిన స్కానింగ్‌లో సగం వివేకం ఉంది. ఎక్కడైనా దొరికే ఇంగ్లీషు పత్రికలను స్కాన్ చేయడం వృథా శ్రమ. పెట్టెల్లోని కరపత్రాలను మాత్రం తప్పకుండా చేయాలి. స్కానరులో స్పష్టత 300 డీపీఐకి తగ్గకుండా, ఫైలు పేరులోనే తేదీ, ఊరు ఉండేలా, రెండు వేర్వేరు చోట్ల నకళ్లతో. ఎండాకాలం సెలవుల్లో మీరిద్దరూ కూర్చుని చేయగలిగిన పని ఇది, కాకపోతే దుమ్ము తుడిచిన కాగితాలే ఆ పిల్ల చేతికివ్వండి. స్కాన్ అయ్యాక అసలు కాగితాన్ని కాటాకు వేయడం దగ్గర నేను ఆమెతో విభేదిస్తాను. హార్డ్ డిస్కు చెడిపోతుంది, స్కాన్‌లో ఒక అంచు తెగిపోతుంది, వెనకవైపు పెన్సిలుతో రాసిన మాట ఎవరూ చూడరు. నెట్‌లో పెట్టే ముందు మరొక విషయం గుర్తుంచుకోండి. మన దేశంలో కాపీరైటు రచయిత మరణించాక 60 ఏళ్లు ఉంటుంది, కరపత్రానికీ కాపీరైటు వర్తిస్తుంది. మీ దగ్గర, మీ చదువు కోసం నకలు ఉంచుకోవడం వేరు, లోకానికి పంచడం వేరు. వేసిన సంఘం వాళ్లు ఇంకా ఉంటే అడగండి, చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. వ్యాపార దృష్టి లేని పౌర గ్రంథాలయాలు తమ దగ్గరున్న ప్రతిని భద్రపరచడం కోసం డిజిటల్ రూపంలో ఉంచుకోవడానికి 2012 చట్ట సవరణ వీలు కల్పించింది. పెట్టెలను సంస్థకు ఇవ్వడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి.

సంస్థకు ఇవ్వడమంటే 'ఎక్కడో ఒకచోట సర్దుతాం' అన్న లైబ్రేరియన్‌కు పంపడం అని నా ఉద్దేశం కాదు. ఆయన నిజాయితీగానే ఉన్న మాట చెప్పారు, ఆ నిజాయితీని మీరు నమ్మాలి: చోటు లేదు, మనుషులు లేరు. రేపు ఆయన బదిలీ అయితే వచ్చేవారికి ఆ పెట్టెలు పాత సామానుగా కనిపిస్తాయి, ఏడాది చివర పనికిరానివి తీసేసేటప్పుడు వెళ్లిపోతాయి. పాత పత్రికలను పనిగట్టుకుని కాపాడే చోట్లు మనకు కొన్ని ఉన్నాయి. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం పేరు పాత పత్రికలు వెతికేవాళ్లందరికీ తెలుసు. నేను పైన చెప్పిన సుందరయ్య విజ్ఞాన కేంద్రం అంత దెబ్బ తిన్నాక కూడా ఆ పని వదలలేదు. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర, సామాజిక శాస్త్ర విభాగాలను కూడా సంప్రదించవచ్చు. ఎవరితో మాట్లాడినా మీ నోటుపుస్తకం జాబితా ముందు పెట్టి అడగండి: ఏ గదిలో ఉంచుతారు, ఏ అంతస్తు, ఎవరు కేటలాగు చేస్తారు, ఎంతకాలంలో, చదవడానికి వచ్చినవారికి ఇస్తారా, అవసరం లేదనుకున్న రోజున పారేయకుండా మాకు తిరిగి ఇస్తారా. ఒప్పుకున్నవన్నీ దానపత్రంలో రాయించుకోండి. ఇలా అడిగితే నొచ్చుకునే సంస్థకు ఇవ్వకపోవడమే మేలు. ఈ దారిలో ఆలస్యం అవుతుంది, ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. రూపాయి కూడా రాదు. మీరు చూడాలనుకున్నప్పుడల్లా బండెక్కి వెళ్లాలి.

ఆ లోపు పెట్టెలు ఇంట్లోనే ఉండవచ్చు, అమ్మాయి గదిలో కాకుండా. హాల్లో ఒక స్టీలు బీరువా, దాని కొలత మీవారితో కలిసి ఎంచుకోండి, చెమ్మ దిగే గోడకు దూరంగా, వెనక నాలుగు వేళ్ల సందు వదిలి పెట్టండి. ట్రంకుపెట్టెల్లోని కాగితాలు, మీరు విడవలేని వంద పుస్తకాలు, మీకిష్టమైన సంచికలు అందులో పట్టాలి. ఏ కొత్త పుస్తకం వచ్చినా అందులోంచి ఒకటి వెళ్లాలి. ఇది కఠినంగా తోస్తే, ఇప్పటిదాకా ఆ హద్దును మీ అమ్మాయి మంచం భరించిందని గుర్తుచేసుకోండి.

ద్రోహం అన్న మాట మీరు రెండుసార్లు రాశారు. వదినగారు ఏమన్నారో కూడా మీరే రాశారు: వీటి విలువ నీకే తెలుసు అని. శాశ్వతంగా నీ ఇంట్లోనే ఉంచమని ఆవిడ అన్నట్టు లేదు. బహుశా ఆవిడకు కూడా ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మరో దారి కనిపించి ఉండదు. ఫోన్ చేసి ఉన్న పరిస్థితి చెప్పండి: అత్తగారు వస్తున్నారు, అమ్మాయికి ఆయాసం, పెట్టెల్లో ఫలానావి దొరికాయి, ఫలానా చోట ఇవ్వాలనుకుంటున్నాను, దానపత్రంలో అన్నయ్య పేరు ఉంటుంది. పత్రికల అమ్మకం గురించి కూడా అడగండి. వద్దంటే ఆయన సంచికలు జాబితాతో సహా పెట్టెల వెంటే వెళతాయి, మీకు ముప్పై వేలు తగ్గుతాయి. సరేనంటే ఆ డబ్బు ఎవరిదన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి. కొన్ని కాగితాలు ఆవిడ తిరిగి కోరవచ్చు, ఆయన చేతిరాత ఉన్నవి ముఖ్యంగా, అడిగితే ఇచ్చేయండి.

మీరు స్వార్థపరులా అన్న ప్రశ్నకు నా జవాబు పెద్దది కాదు. ఎవరూ పట్టించుకోనిదాన్ని ఏరి తెచ్చి దాచడం స్వార్థం కాదు, దాచినదాని బరువు అడగకుండా ఇంట్లోవాళ్ల మీద పెట్టడంలో కొంత ఉంది. ఆ రెండూ మీలో ఉన్నాయి, రెండోది సరిచేసుకోవడం ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

ఆదివారాలు మానమని నేను చెప్పను. వారమంతా బడి, వంట, ఇకపైన అత్తగారి సేవ, వీటి మధ్య మీదంటూ ఉన్న రెండు గంటలు అవి. వెతకడంలో మీకు కలిగే ఆనందం కొనడంతో ముడిపడి ఉందో లేదో ఒక నెల కొనకుండా తిరిగి చూస్తే తెలుస్తుంది. కొనక తప్పదనిపిస్తే, ఇంగ్లీషు పత్రికల కట్టల కింద, గైడ్లకూ పాత పంచాంగాలకూ మధ్య నలిగిపోయి ఉండే తెలుగు చిన్న పుస్తకాలు, ఉద్యమ సంచికలు, సభల సావనీర్ల వైపు చూడండి. వాటికి ధర తక్కువ, బీరువాలో చోటూ తక్కువే పడుతుంది, మీరు అడగబోయే సంస్థ ఏదైనా వాటిని కాదనదు. అత్తగారి ఫిజియోథెరపీ ఆదివారం ఉదయం పడకుండా మాత్రం ఇప్పుడే మీవారితో మాట్లాడి సమయం ఖాయం చేసుకోండి.